జిగురుకి కాపలా

"మీరేం చేసి రిటైరయ్యారండీ?" అని పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు అడుగుతుంటారు. ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. "వైద్య పరికరాలకి ప్యాకింగ్ డిజైన్ చేసేవాణ్ణి" అంటే "అంటే కవర్లా?" అంటారు. "కవర్లేనండి" అంటాను. ఒకాయన ఆ మాట పట్టుకుని, వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షనుకి తాంబూలం కవర్లు కావాలని ఆర్డరు కూడా పెట్టబోయాడు. మా ఆవిడ నాకన్నా తెలివైనది. "మావారు గొట్టాల కంపెనీలో చేసేవారు" అని గబుక్కున మాట మార్చేస్తుంది. ఏ గొట్టాలని అడిగితే చెప్పాల్సి వస్తుందని ఆవిడ భయం.

ఏ గొట్టాలో నేనిక్కడ సిగ్గుపడకుండా చెప్తాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాలుగు మాటలు రాసిపెట్టమని అడిగారు, సిగ్గుపడితే వాళ్ళకి ఏమీ తెలియదు. వెన్నుకి దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి మూత్రం దానంతట అది బయటికి రాదు. వాళ్ళు ప్రతి మూడు నాలుగు గంటలకోసారి ఒక సన్నటి గొట్టం లోపలికి పెట్టుకుని, ఖాళీ చేసుకుని, ఆ గొట్టాన్ని పారేస్తారు. దాన్ని కాథెటర్ అంటారు. మేం తయారుచేసిన రకానికి పైన ఒక పూత ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ అది ఉత్త ప్లాస్టిక్కే. నీళ్ళు తగిలాయా, ఆ పూత నీటిని పీల్చుకుని జారుడుగా, జిగురుగా తయారవుతుంది. ఆ జిగురుంటే గొట్టం నొప్పి తెలియకుండా వెళ్తుంది. అది ఎండిపోతే లోపలంతా గీరుకుపోయి రక్తం వస్తుంది.

కాబట్టి ప్యాకెట్టు చింపే క్షణం దాకా తడి ఆరకూడదు. ఆ తడిలోకి క్రిమి చేరకూడదు. తడీ శుభ్రమూ ఒకచోట ఇమడడం ఎంత కష్టమో వంటింట్లో గిన్నెలు తోమే పీచుని చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఈ రెండింటినీ ఒక కవర్లో కూర్చోబెట్టడమే నా ఉద్యోగం. నా సర్వీసు మొత్తం జిగురుకి కాపలా కాశాను. ఆ కాపలా ఎంత గొప్పగా కాశానో కింద చదవండి.

రొయ్యల దగ్గర చదువు

నేను బందరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ తర్వాత ప్యాకింగులో డిప్లొమా చేశాను. ఆ రంగం మీద నాకేదో ప్రేమ ఉండి కాదు, మిగతావాటిలో సీటు రాలేదు. తొంభైల మొదట్లో మా వైపు ఎటు చూసినా రొయ్యల గుంటలే. బందరు అవతల రొయ్యల్ని గడ్డకట్టించి ఎగుమతి చేసే ఒక ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం దొరికింది.

అక్కడ నా పని రొయ్య ఎండకుండా, కుళ్ళకుండా చూడటం. ఎండకుండా ఉండటానికి దాని మీద పలచటి మంచు పొర పట్టించేవాళ్ళం. కుళ్ళిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం మిషన్లేమీ లేవు, నా వేళ్ళే. గంపలో చెయ్యి పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రొయ్యని రుద్ది, వేళ్ళకి జిగురు తగిలితే ఆ సరుకంతా పక్కన పెట్టించేవాణ్ణి. "జిగురొచ్చింది, తీసెయ్యండి" అనడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది. ఇంట్లో బెండకాయ కూర వడ్డించినా అదే మాట అన్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

తర్వాత రొయ్యలకి తెగుళ్ళొచ్చి గుంటలు ఎండిపోయాయి, ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు గుడివాడ దగ్గర రాఘవయ్యగారి గొట్టాల ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. రాఘవయ్యగారు ముదినేపల్లి వైపు రైతు. వరి నుంచి చేపల చెరువుల్లోకి దిగి, అక్కడ సంపాదించింది డాక్టరు అల్లుడి మాట మీద ఈ ఫ్యాక్టరీలో పెట్టారు. మనిషి మంచివారే, కానీ లోకంలో దేన్ని చూసినా ఆయనకి చేపల చెరువే కనిపించేది.

"రొయ్య ఎండకుండా చూశావా?" అనడిగారు.

"చూశానండి."

"కుళ్ళకుండా?"

"అదీ చూశానండి."

"ఇదీ అంతేలేవయ్యా. రేపొచ్చి చేరు."

నా సర్టిఫికెట్లు ఆయన తెరిచి చూడలేదు. చూసి ఉంటే తీసుకునేవారు కాదేమో.

పాలిథీన్ మీద నా నమ్మకం

చేరగానే నేను చేసిన మొదటి ఘనకార్యం, తడి గొట్టాన్ని దళసరి పాలిథీన్ కవర్లో పెట్టి సీలు వెయ్యడం. అద్దంలా ఉండేది. లోపల గొట్టం, దాని చుట్టూ మెరిసే నీళ్ళు, చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నేనూ రోజుకోసారి చేతిలోకి తీసుకుని చూసుకునేవాణ్ణి.

వేసవి వచ్చింది. మా గోడౌను రేకుల షెడ్డు. ఎండలు ముదిరాక ఒక పెట్టె విప్పి చూస్తే కవరు అలాగే ఉంది, సీలు అలాగే ఉంది, లోపల నీళ్ళు మాత్రం లేవు. గొట్టం కవరుకి అంటుకుపోయి, లాగితే చరచరమని ఊడొచ్చింది. పాలిథీన్ నీటిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపలేదు, కొద్దికొద్దిగా బయటికి వదిలేస్తుంది. కెమిస్ట్రీ చదివినవాడికి ఈ సంగతి తెలిసుండాలి కదా అంటారా? తెలుసండీ. పరీక్షలో రాశాను కూడా. మార్కులేశారు.

"చెరువులో నీళ్ళు తగ్గితే కాలవ నుంచి మళ్ళీ పెట్టుకుంటాం. దీనికి ఎక్కణ్ణుంచి పెడతావయ్యా ప్రసాదూ?" అన్నారు రాఘవయ్యగారు. తిట్టు కాదది, నిజంగానే అడిగారు. ఆ రోజు నుంచి అల్యూమినియం రేకు కలిసిన కవర్లకి మారాం. ఆ రేకులోంచి ఆవిరి పోదు. కానీ మడతపడితే అక్కడ కంటికి కనపడని కన్నం పడుతుంది. ఒక బాధ వదిలించుకుంటే ఇంకో బాధ పట్టుకుంది.

కన్నాలు ఎప్పుడు పడతాయో పరీక్షించే యంత్రాలుంటాయి, పెట్టెని గంటల తరబడి కుదిపేవి. అవి కొనేంత స్థోమత మాకు లేదు. అందుకని నేను పెట్టెలు కట్టి గుడివాడ నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సు పైన వేయించేవాణ్ణి, తిరిగి అదే బస్సులో తెప్పించేవాణ్ణి. అప్పట్లో ఆ రోడ్డున్న తీరుకి ఏ యంత్రమూ సాటి రాదు. కండక్టరు కొన్నాళ్ళు చూసి చూసి, "పంపేది మీరే, తీసుకునేదీ మీరే. ఇంట్లో ఏమన్నా ఇబ్బందులా అండీ?" అనడిగాడు.

వచ్చిన ప్యాకెట్లకి నీలం రంగు నీళ్ళు పట్టించి, రంగు ఎక్కడ చొరబడితే అక్కడ కన్నం ఉన్నట్టు గుర్తించేవాణ్ణి. అందులో బయటపడిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. సీలు వేసేచోట ఒక్క నీటి చుక్క ఉన్నా ఆ సీలు అంటుకున్నట్టే కనిపిస్తుంది, అంటుకోదు. క్రిములకి ఆ సందు చాలు. మీరు పనిలోకి వెళ్ళాక మర్చిపోకూడనిది ఇదొక్కటే అనుకున్నా ఫర్వాలేదు. ముందు అంచు పొడిగా ఉండేట్టు చూసుకోండి, లోపలి తడి సంగతి తర్వాత. ఈ ఒక్క ముక్క నేర్చుకునేసరికి నా చేతులు మోచేతుల దాకా నీలమైపోయాయి. ఆ చేతులతోనే మా మరదలి పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం అందిస్తే పురోహితుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

నాంచారయ్య

రెండువేల సంవత్సరం తర్వాత సంగతి. అప్పటికి మా ప్యాకెట్లు కుదురుకున్నాయి, బందరు, గుడివాడ, బెజవాడ ఆస్పత్రులకి వెళ్తున్నాయి. నేను కూడా ఫరవాలేని మనిషినే అనుకోవడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే బందరు నుంచి డాక్టర్ సుభద్రగారు ఫోను చేశారు. మూత్రవ్యాధుల డాక్టరావిడ. మా సరుకుని మొదట నమ్మింది ఆవిడే, కాబట్టి తిట్టే హక్కు కూడా ఆవిడకే ఎక్కువ ఉండేది.

"ప్రసాదుగారూ, మీ గొట్టాలు తీసుకెళ్ళి మీ రాఘవయ్యగారి చెరువులో పడెయ్యండి. నా పేషెంటుకి రెండోసారి రక్తం పడింది. ఇంకోసారి ఇట్టాగే అయితే మళ్ళీ సంచీ గొట్టమే పెట్టేస్తాను" అన్నారు.

ఆ పేషెంటు పేరు నాంచారయ్య. హంసలదీవి దగ్గర ఊరు. రేవులో చేపల పాట పాడేవాడు. అంటే పడవలు రాగానే చేపల కుప్ప ముందు కూర్చుని వేలం నడిపే మనిషి. పడవకీ గట్టుకీ మధ్య పడి వెన్నుకి దెబ్బ తగిలింది. కర్ర పట్టుకుని నడవగలిగేదాకా వచ్చాడు గానీ మూత్రం మాత్రం కట్టుబడిపోయింది. మొదట్లో లోపల ఎప్పుడూ ఉండే గొట్టం పెట్టి, కాలికి సంచీ కట్టారు. దానితోనే పాటకి వెళ్ళాడు. ఒకరోజు నలుగురిలో ఆ సంచీ ఊడిపోయింది. ఎవరూ నవ్వలేదుట. నవ్వి ఉంటే తట్టుకునేవాణ్ణి, అందరూ పక్కకి చూశారు, అదే తట్టుకోలేకపోయానండి అని తర్వాత నాతో చెప్పాడు. ఆ రోజు నుంచి ఇల్లు కదల్లేదు.

వేసవిలో సముద్రం మీద చేపల వేట ఆపే రోజులవి. మళ్ళీ పడవలు కదిలేనాటికి నాంచారయ్య రేవుకి రాకపోతే పాట ఇంకొకరికి ఇచ్చేస్తామని పడవల వాళ్ళు మర్యాదగానే చెప్పారు. సంచీతో వెళ్ళనని అతనంటాడు, సంచీ లేకుండా బతకాలంటే మా గొట్టం సరిగ్గా పనిచెయ్యాలి. డాక్టరుగారు ఇదంతా చెప్పి, "మీకర్థమైందా ఆ మనిషికి ఏం పోతోందో?" అని ఫోను పెట్టేశారు.

నేను చాలా ధీమాగా బయల్దేరాను. అదే సరుకు మిగతా అందరికీ బాగానే ఉంది కదా, తప్పు మాది కాదని తేల్చేసి వద్దామనుకున్నాను.

కల్లుప్పు

నాంచారయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య తిరపతమ్మ నాకు కుర్చీ వేసి, కొబ్బరిబొండం కొట్టిచ్చింది. ఆమె గంపలో చేపలు పెట్టుకుని ఊళ్ళ మీద అమ్ముతుంది. మాటకారి. ప్యాకెట్టు తెరవడం ఆమె పనేనట.

"మీరు రోజూ ఎట్టా చేస్తారో ఒకసారి చూపించమ్మా" అన్నాను.

ఆమె ఒక ప్యాకెట్టు తెచ్చి, చేపలు కోసే కత్తిపీట మీద అంచు రాసి చీల్చింది. గొట్టం తీసి సత్తు పళ్ళెంలో వేసింది. గుప్పెడు కల్లుప్పు తెచ్చి దాని మీద పోసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా బరబరా తోమింది. ఆపైన బిందెలో నీళ్ళు ముంచి శుభ్రంగా కడిగింది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"జిగురండి. ఎన్నాళ్ళ నించి మూసిపెడతన్నారో ఏమో, తెరిసేతలికి వొకటే జిగురు. ఒక దానికని కాదు, అన్నిటికీ అంతే. మీరేవనుకోనంటే చెప్తాను, మీ సరుకు పాడైపోయి వస్తందండి. అందుకే జెల్లల్ని తోమినట్టు తోమేసి, నాలుగు నీళ్ళు పోసి ఇస్తన్నాను."

జెల్ల అంటే ఒళ్ళంతా జిగురు పట్టుండే చేప. ఉప్పేసి తోమందే ఎవరూ వండరు. చేప ఒంటి మీద జిగురు ముదిరిందంటే అది పాతదని ఆ ఇళ్ళల్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. అలాంటిది కట్టుకున్నవాడి ఒంట్లోకి వెళ్ళే వస్తువు జిగురుగా కనిపిస్తే ఆమె ఊరుకుంటుందా? ఉన్నదంతా తోమి తీసేసింది. గోదాముల్లో, బస్సుల పైన, రేకు కవర్లలో నేను కంటికి రెప్పలా కాపాడుకొచ్చిన జిగురంతా సత్తు పళ్ళెంలో ఉప్పుతో కలిసి మురిక్కాలవలోకి వెళ్ళిపోయింది.

"అమ్మా, ఆ జిగురే మందు. అది ఉండాలనే మేం ఇంత కష్టపడుతున్నాం" అన్నాను.

తిరపతమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "చేపలమ్ముకునే వాళ్ళింటికొచ్చి జిగురు మంచిదని చెప్పిన మనిసిని మిమ్మల్నే చూశానండి" అంది.

"పోన్లేవే, ఆయన ఉద్యోగం అదంట" అని మంచం మీద నుంచి నాంచారయ్య సర్దిచెప్పాడు.

ప్యాకెట్టుతోపాటు పెట్టిన కాగితం చదవలేదా అనడిగాను. అది నేనే రాశాను, నిఘంటువు దగ్గర పెట్టుకుని మరీ. 'జలాకర్షక లేపనము ఆర్ద్రస్థితి యందుండగనే ఉపయోగింపవలెను' అని మొదలవుతుంది. "చదివానండి. రెండు మాట్లు చదివాను. ఏదో మంత్రం అనుకున్నాను" అన్నాడు నాంచారయ్య. వెటకారం కాదు, గౌరవంగానే అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను. ఆమెకి తెలియదు సరే. రొయ్యల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి జిగురు తగిలిన సరుకల్లా పక్కన పెట్టించినవాణ్ణి నేను. ఈ తీరంలో మనుషులు జిగురుని చూసి ఏం చేస్తారో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఉద్యోగం మారగానే వేళ్ళు కూడా మార్చుకున్నట్టు మర్చిపోయాను. పిల్లలూ, ఈ పనిలో చదువు లేకపోవడం వల్ల వచ్చే నష్టం తక్కువ. ఉన్నది సమయానికి గుర్తు రాకపోవడం వల్ల వచ్చేదే ఎక్కువ.

కొన్ని రోజులాగి మళ్ళీ వెళ్ళాను, తిరపతమ్మ మానిందో లేదో చూద్దామని. "ఉప్పు మానేశానండి" అంది సంతోషంగా. "ఒట్టి నీళ్ళతోనే కడుగుతన్నా." అక్కడి బోరు నీళ్ళు సముద్రానికి తమ్ముడి వరస. ఆ ఉప్పదనం పూతలోని తడిని ఎలాగూ లాగేస్తుంది. నాకు కోపం రాబోయి ఆగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. "మీరు చెప్పింది మనసుకి తెలుస్తందండి, చేతికి తెలవట్లా. ఆ జిగురుతో ఆయనకివ్వలేకపోతన్నా" అంది. వేటకి ఇంక ఎన్నో రోజులు లేవు. నాంచారయ్య గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పటిదాకా ఫ్యాక్టరీ పరువు గురించి ఆలోచిస్తున్నవాణ్ణి, నాకు మొదటిసారి భయం వేసింది.

అవనిగడ్డ బస్టాండులో

చెప్పి మార్చలేని అలవాటుకి తగ్గట్టు ప్యాకెట్టు మార్చుకోవాలి తప్ప మనిషిని మార్చాలని కూర్చోకూడదు. ఇంత చక్కటి వాక్యం నాకు ఆ రోజు తట్టలేదు, ఇది తర్వాత తీరిగ్గా కట్టుకున్నది. ఆ రోజు నాకు తట్టిందల్లా దాహం. అవనిగడ్డ బస్టాండులో దిగి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో గడ్డకట్టించి అమ్ముతారు చూడండి, ఆ సేమ్యా ఐసు కొనుక్కుని చెట్టు కింద నిలబడి తింటున్నాను. నాకు డయాబెటిస్. ఇంట్లో తెలియకుండా తినడంలో నాకు మంచి అనుభవముంది. కింద నుంచి వేళ్ళతో నొక్కితే ఐసు పైకొస్తుంది, చేతికి ఏమీ అంటదు.

చేతికి ఏమీ అంటదు.

ఐసు సగం చొక్కా మీద పడింది, చూసుకోలేదు. గొట్టం చుట్టూ పలచటి వదులు ప్లాస్టిక్ తొడుగు ఒకటి లోపలే వేసేస్తే, మనిషి ఆ తొడుగు మీద నుంచే గొట్టాన్ని పట్టుకుని ముందుకి జరుపుకోవచ్చు. వేలు జిగురుని ముట్టదు. ముట్టకపోతే కడగాలనిపించదు. పైగా చేతికున్న మురికి కూడా గొట్టానికి అంటదు. ఇలాంటి తొడుగులు పైదేశాల్లో అప్పటికే ఉన్నాయని తర్వాత తెలిసింది. అయినా నేనే కనిపెట్టానని మా ఆవిడకి చెప్పాను, ఆవిడ చొక్కా మీద మరక ఏమిటని అడిగింది.

తొడుగు పెట్టాం. ప్యాకెట్టు చివర, సీలుకి అవతల, వేలు దూరేంత కన్నం కూడా పెట్టాం. ఒక చేత్తో కర్ర పట్టుకునే మనిషి ప్యాకెట్టుని ఎలా చింపుతాడు? ఆ కన్నాన్ని మేకుకి తగిలిస్తే ఒక్క చేత్తో లాగొచ్చు, కత్తిపీట అక్కర్లేదు. రాఘవయ్యగారు ఆ కన్నం చూసి, "దీన్ని కిళ్ళీకొట్లో దండలా వేలాడదీస్తారా ఏంటయ్యా?" అన్నారు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. రాఘవయ్యగారు మోపిదేవి స్వామికి మొక్కుకున్నారు. కొత్త ప్యాకెట్టు మీద నెమలి బొమ్మ వెయ్యాలన్నారు. దాని పక్కన లోపలి అవయవాల రంగు బొమ్మ, కింద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో.

"మూత్రం పోసుకోవడానికి చింపి పారేసే కవరండీ. స్వామి వాహనం ఎందుకండీ దాని మీద?" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించి, లెంపలేసుకుని, నెమలిని వదిలేశారు. అవయవాల బొమ్మ దగ్గర మాత్రం పట్టుబట్టారు. నమూనాలు తీసుకుని నాంచారయ్య దగ్గరికి వెళ్తే అతను ఆ రంగుల బొమ్మ చూసి ప్యాకెట్టు బోర్లా తిప్పేశాడు.

"ఏం రాయొద్దు బాబుగారూ. జేబులోంచి తీసినా ఎవరూ దీని వంక చూడకూడదు" అన్నాడు. తర్వాత కర్ర పట్టుకుని, ప్యాకెట్టు తీసుకుని, పెరట్లోకి ఒక్కడే వెళ్ళాడు. తిరపతమ్మ అలవాటుగా లేవబోయి, కూర్చుంది. నేను ఆమె వంక చూడలేక చూరు వంక చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, "మంట లేదే" అని పెళ్ళాంతో అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ప్యాకెట్టు తెల్లగా, చట్టం రాయమన్న ముక్కలు మాత్రం చిన్నక్షరాల్లో, అలా వెళ్ళింది. దాన్ని డిజైనంటారా అని రాఘవయ్యగారు అడిగారు. నిజమే, నా జీవితంలో నేను చేసిన గొప్ప డిజైనులో గీత ఒక్కటి కూడా లేదు.

రేవు

వేట మొదలయ్యాక రాఘవయ్యగారికి ఒక ఆలోచన వచ్చింది. నాంచారయ్య పాట పాడుతుండగా ఫొటో తీసి, మా సరుకు గురించి అతనితో నాలుగు మంచి మాటలు చెప్పించుకుని, ఆస్పత్రుల వాళ్ళకి చూపించాలని. ఇది ఆయన చెప్పిన వాటిల్లో మంచి ఆలోచనే అనుకుని, రీలు కెమెరా మెళ్ళో వేసుకుని తెల్లవారేసరికి రేవుకి చేరాను.

పడవలొచ్చి ఉన్నాయి. ఇసకలో ప్లాస్టిక్ పట్టాల మీద చేపల కుప్పలు, వాటి చుట్టూ బేరగాళ్ళు. మధ్యలో తిరగేసిన పెట్టె మీద నాంచారయ్య కూర్చుని ఉన్నాడు. ఇంట్లో గోడవైపు చూస్తూ కూర్చున్న మనిషేనా అనిపించింది. గొంతు రేవంతా వినపడుతోంది. ఒకణ్ణి ఎగేస్తాడు, ఇంకొకణ్ణి ఏడిపిస్తాడు, ముసలి బేరగాణ్ణి మావయ్యా అని పిలిచి ధర పెంచేస్తాడు. నేను సంబరంగా కెమెరా చేతిలోకి తీసుకుని చెయ్యి ఊపాను.

అతను నన్ను చూశాడు. కళ్ళల్లో గుర్తుపట్టినట్టు తెలిసింది, ఆ మరుక్షణం అది లేదు.

"ఎవరండీ ఆ మెళ్ళో పెట్టెతో ఉన్నాయన? కొత్తా? కొంటాకొచ్చారా, చూట్టాకొచ్చారా?" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. ఆ మనిషి ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో, అతని పెరటి గుమ్మం దగ్గర ఎంత దిగులుగా కూర్చున్నానో నాకు తెలుసు. కానీ నేనెవరో చెప్తే, ఎందుకొచ్చానో చెప్పాలి. నాంచారయ్య మీకెలా తెలుసని ఎవరో అడుగుతారు. అప్పుడు వీళ్ళందరూ మళ్ళీ ఒకసారి పక్కకి చూస్తారు.

"కొంటానికేనండి" అన్నాను.

"అట్టా అయితే ముందుకి రండి. పండుగప్పలు. బాబుగారు గుడివాడ మనిసిలా ఉన్నారు, తిండి తెలిసినోళ్ళు" అని నన్ను పాటలోకి లాగాడు. చేపల పాటలో తలకాయ ఆడించడమంటే ధర ఒప్పుకోవడమేనని నాకు తెలియదు. మొహమాటానికి ఆడించిన ప్రతిసారీ ధర పెరిగింది. చివరికి మా ఇంటిల్లిపాదీ నెల తిన్నా తరగనంత పండుగప్ప నా పేరున పడింది.

మధ్యలో నాంచారయ్య కర్ర అందుకుని లేచాడు. పాట ఆగింది. ఐసు షెడ్డు వెనక్కి నింపాదిగా నడిచివెళ్ళాడు. బేరగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటూ నిలబడ్డారు, ఒకాయన చుట్ట వెలిగించాడు. అటువైపు ఒక్కరూ చూడలేదు. ఈసారి పక్కకి తిప్పుకున్న చూపులు కావవి, చూడాల్సింది ఏమీ లేదు కనక చూడలేదు. కాసేపటికి అతను తిరిగొచ్చి పెట్టె మీద కూర్చుని, ఆపిన ధర దగ్గర్నుంచే అందుకున్నాడు. ఇన్నేళ్ళూ ప్యాకెట్లు చెడిపోవడమే చూశాను, ఒకటి సరిగ్గా పనిచెయ్యడం నా కళ్ళతో చూడటం అదే మొదటిసారి. కెమెరాని సంచీలో పెట్టేశాను.

తిరపతమ్మే వచ్చి నా చేపల్ని ఐసు వేసి గోనెలో కట్టింది. ఆమె కూడా నన్నెరగనట్టే ఉంది. కట్టేటప్పుడు మాత్రం నేను కొన్నవాటికి ఇంకో పెద్ద చేప కలిపింది.

మధ్యాహ్నానికి నీళ్ళు కారుతున్న గోనెతో ఆఫీసుకి చేరాను. రాఘవయ్యగారు కుర్చీలోంచి లేచారు.

"ఫొటో ఏదయ్యా?"

"తియ్యలేదండి. చేపలు తెచ్చాను."

"పోనీ, మన గురించి ఏమన్నాడు?"

"నన్ను ఎవరండీ అనడిగాడండి. అందరి ముందూ."

రాఘవయ్యగారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. చేపల చెరువు తప్ప ఇంకోటి కనపడదని నేను వెక్కిరించే మనిషికి ఈసారి నేను చెప్పనిది కూడా కనపడింది.

"అయితే బాగానే పనిచేస్తోందన్నమాట" అని, గోనె విప్పించి సగం చేపలు తన కారులో పెట్టించుకున్నారు.